వెనక్కి మళ్ళిన చూపు

ప్రెస్సులో అందరూ ఆమెను డేగకన్ను అనేవారు. పాతికేళ్ళుగా పుస్తకాల ప్రూఫులు దిద్దే పని. ఎంత పేరున్న రచయిత వాక్యమైనా సరే, విభక్తి తప్పితే చూపు అక్కడే ఆగిపోయేది. “చెప్పులో రాయి దూరినట్టుంటుంది నాకు” అనేది.

ఒక ఉదయం స్నానాల గదిలో కూలబడిపోయింది. మెదడుకు రక్తం అందలేదన్నారు ఆస్పత్రిలో. కాలూ చెయ్యీ త్వరగానే స్వాధీనంలోకి వచ్చాయి. మాటా వచ్చింది, ముక్కలు ముక్కలుగా. గండం గడిచిందనుకున్నాడు ఆమె భర్త, బస్సు మెకానిక్.

మాట నేర్పే వైద్యురాలు ఒక అట్టముక్క చూపించింది. ‘అత్తను కోడలు తిట్టింది.’

“ఎవరు తిట్టారమ్మా?”

“అత్త,” అంది తడుముకోకుండా.

“మా ఇంట్లో జరిగిందే చెప్పిందిలెండి,” అని భర్త నవ్వబోయాడు.

వైద్యురాలు నవ్వలేదు. ఇంకోసారి చదివించి, ఆమె కళ్ళను గమనించమంది. అవి నున్నగా జారిపోయాయి. ‘ను’ దగ్గర ఆగనే లేదు.

అప్పట్నుంచి ఇంట్లో అతనే వాక్యాలు రాసి ఎదురుగా కూర్చునేవాడు. అక్కను చెల్లెలు వెతికింది. తమ్ముణ్ణి అన్న మోశాడు. అన్నీ తలకిందులుగా చెప్పేది, అదీ ధీమాగా.

“అయిపోయాయా? ప్రెస్సుకి... ఎప్పుడు?” అని అడిగేది. అతను లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

వానలు మొదలయ్యేసరికి ఆమె చూపు తడబడసాగింది. వాక్యం మధ్యలో ఆగేది, వెనక్కి మళ్ళేది, మళ్ళీ ముందుకు పాకేది. జవాబు చెప్పకుండా నుదురు రుద్దుకునేది. అతను కంగారుగా వైద్యురాలి దగ్గరికి పరుగెత్తాడు.

“మేడమ్, ఇదివరకు గబగబా చదివేది. ఇప్పుడు అదీ పోయింది.”

“పోలేదండీ. ఎక్కడో తేడా కొడుతోందని ఆవిడకి ఇప్పుడే తెలుస్తోంది. అందుకే వెనక్కి చూస్తున్నారు. చిక్కు వాక్యం వస్తే మనమూ అంతేగా.”

“అయితే మంచిదేనంటారా?”

“మంచిదే. కాకపోతే, తప్పు చెప్పినప్పుడల్లా ఇక ఆవిడకి తెలిసిపోతుంది.”

ఆ సాయంత్రం ఆమె పాత ప్రూఫు కాగితాలు తెప్పించుకుంది. వేలు పెట్టి చదివింది. ఒకే వాక్యం మీద కళ్ళు అటూ ఇటూ తిరిగి తిరిగి అలిసిపోయాయి.

“ఇన్నాళ్ళూ... తప్పులు చెప్పానా?”

“కొన్ని.”

“అన్నీ,” అంది.

ఆ తర్వాత ఆమె ప్రెస్సు ఊసెత్తలేదు. అక్కడ ఆమె కుర్చీలో ఇంకొకరు చేరారు. చదవడం మాత్రం మానలేదు. ఇప్పుడు సగానికి పైగా సరిగ్గానే చెబుతోంది.

“నా కళ్ళకేసి చూడకండి. సిగ్గుగా ఉంది,” అంది ఒకరోజు.

అతను కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు.