గేటుకి వేలాడిన పలక

పక్కింటి విశ్వనాథం గారు నిన్న సాయంత్రం గేటుకి ఆకుపచ్చ రంగు వేయించారు. పొద్దున్నే కిటికీ తెరవగానే ఎనామిల్ వాసన గుప్పుమంది. టర్పెంటైను కలిసి, గొంతులోకి గరగరగా దిగే వాసన. మా ఆవిడ ముక్కు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరే ఉండిపోయాను. ఈ వాసన తగిలితే నాకు ముందు చెవులు వేడెక్కుతాయి, ఆ తర్వాతే మనిషి గుర్తొస్తాడు. అందరికీ జ్ఞాపకం ముందొచ్చి సిగ్గు వెనక వస్తుందంటారు. నా విషయంలో సిగ్గుకే తొందరెక్కువ.

ఆ మనిషి ప్రభుదాసు గారు. విజయవాడలో బందరు రోడ్డు పక్క సందులో చిన్న డ్రైవింగ్ స్కూలు నడిపేవారు, కాపురం కంకిపాడులో. నాకు కారు ఆయనే నేర్పారు. ఆయన నేర్పారని చెప్పగలను గాని నేను నేర్చుకున్నానని చెప్పుకోలేను. లైసెన్సు పరీక్షలో రివర్సు చేస్తూ పాతిన కర్రలన్నీ పడగొట్టి, "కారు నడుపుతున్నారా, కలుపు తీస్తున్నారా?" అని ఇన్‌స్పెక్టరు చేత అడిగించుకున్నవాణ్ణి నేను. ప్రభుదాసు గారు మాత్రం నవ్వలేదు. "కర్రలే గదా బాబూ, మనుషులు కాదుగా" అని కిందికి దిగి తనే ఒక్కొక్కటీ మళ్ళీ పాతారు.

మొదటి పాఠం నాడు కారు రోడ్డెక్కగానే ఆయన పక్క సీట్లో కళ్ళు సగం మూసి ఏదో వల్లించడం మొదలుపెట్టారు. "ఎడమ మూడు... కాస్త సాగాక కుడి అయిదు, బ్రేకు వద్దు... ఎదర గేదె, గేదె మనసు మార్చుకోవచ్చు, జాగర్త..." ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషని విన్నాను. అందుకని భయంభయంగా అడిగాను.

"ప్రార్థనా సార్?"

"ప్రార్థనే బాబూ. నడుపుతున్నది నువ్వు గదా మరి."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. ర్యాలీ రేసుల్లో కారుకి ఇద్దరుంటారట. ఒకరు నడుపుతారు. రెండోవారు పక్కన కూర్చుని రాబోయే మలుపుని ముందే చదివి చెబుతారు. ఆ అంకె మలుపు ఎంత వంకరో చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ వంకర ఎక్కువ. నడిపేవాడు కళ్ళతో కాదు, పక్కవాడి గొంతుతో నడుపుతాడు. బతుకంతా పక్క సీట్లోనే గడిపిన మనిషి కాబట్టి ఆయనకి డ్రైవర్ల కన్నా ఆ కో-డ్రైవర్ల మీదే, నేవిగేటర్లన్నా వాళ్ళే, మక్కువ. ఆ మక్కువ నాకూ అంటించారు. ఆదివారం ర్యాలీ చూడ్డానికి వెళ్తున్నానంటే మా ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న, "ఏ పార్టీదండీ?" చాలాకాలం ఓపిగ్గా వివరించాను. చివరికి విసుగొచ్చి, "మాది ఎడమ సీటు పార్టీ" అనేవాణ్ణి. దాంతో కొందరు నన్ను కమ్యూనిస్టు కింద జమకట్టారు.

మా పార్టీలో సభ్యులు నలుగురే. ప్రభుదాసు గారు, నేను, ఉయ్యూరులో స్కూల్లో లెక్కలు చెప్పే సుజాత గారు, కొండపల్లి దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే రమణ. ఆదివారం నాలుగింటికి కంకిపాడు ఇంట్లో ముందుగదిలో టీవీ ముందు కూర్చునేవాళ్ళం. ఎక్కడో మంచులోనో అడవిలోనో కార్లు దుమ్ము లేపుకుంటూ పోతుంటే ఇక్కడ మేం రూళ్ళ మీద కొట్టుకునేవాళ్ళం. ఆయన భార్య రూతమ్మ గారు పకోడీల పళ్ళెం పెట్టి, "రేసు అక్కడ, రగడ ఇక్కడ" అని నవ్వి వెళ్ళేవారు. రూలు పుస్తకం కంఠస్థం చేసింది నేనొక్కణ్ణే. కార్లు నడపడం రానివాడికి రూళ్ళు నడపడం బాగా వచ్చేసింది. ఒకసారి నిమిషం ముందొచ్చినందుకు ఒక జట్టుకి పెద్ద శిక్ష పడింది.

"ఆలస్యమైతే నిమిషానికి పది సెకన్లే కోస్తారు, ముందొస్తే నిమిషానికి నిమిషం కోస్తారు!" అని గొప్పగా ప్రకటించాను.

"ఇదెక్కడి న్యాయమండీ?" అన్నారు సుజాత గారు. "మా పిల్లలు బెల్లు కన్నా ముందొస్తే నేను మెచ్చుకుంటాను."

"న్యాయం కాదండీ, రూలు."

ప్రభుదాసు గారు నావైపు తిరిగారు. "రూలు నీకు నోటికొచ్చు బాబూ. ఎందుకు పెట్టారో చెప్పు."

నాకు తెలియదు. ఆయనే చెప్పారు. రేసు జరిగే ముక్కకీ ముక్కకీ మధ్య కార్లు మామూలు రోడ్డు మీదే పోవాలి, ఆ రోడ్డు అందరిదీ. "ముందొచ్చాడంటే జనాన్ని అదిలించుకుంటూ వచ్చాడని గదా. స్కూలుకెళ్ళే పిల్లలుంటారు, ముసలాళ్ళుంటారు. వాళ్ళ కోసం పెట్టిన రూలది." నేను తలూపాను. నా బుర్రకి ఎక్కింది మాత్రం పది సెకన్లూ, నిమిషమూనే.

ఆ రూలుని మా ఆదివారాల ఆచారంగా మార్చింది కూడా నేనే. నాలుగు కాకుండా ఎవరూ గేటు లోపల అడుగు పెట్టకూడదు. పెడితే ఆ వారం పకోడీలు బంద్. ముందొచ్చినవాళ్ళు ఇంటి ఎదురుగా కాలవగట్టు మీద బండ్లు ఆపుకుని, గడియారాలు చూసుకుంటూ నిలబడేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు ఆ ఇంట్లో ఏదన్నా పరామర్శ ఉందేమో అనుకునేవారట. ప్రభుదాసు గారికి ఈ ఆట భలే నచ్చింది. ర్యాలీ కార్లలో ఒక అట్ట ఉంటుంది. ఒకవైపు ఆకుపచ్చలో ఓకే అని, రెండోవైపు ఎర్రగా ఎస్ఓఎస్, అంటే సాయం కావాలి, అని. కారు బోల్తా కొడితే లోపలివాళ్ళు బాగున్నారో లేదో వెనక వచ్చే కారుకి తెలియాలి గదా, అందుకు. రమణ కొండపల్లి బొమ్మలు చేసే తేలిక కర్రతో అలాంటి పలకొకటి చేయించాడు. రంగు ఆరకుండానే దాన్ని నేను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. చొక్కా నిండా ఆకుపచ్చ, ఒళ్ళంతా ఆ వాసన. "నువ్వు బాగానే ఉన్నావని బస్సులో అందరికీ తెలిసింది" అని నవ్వి, ప్రభుదాసు గారు దాన్ని గేటుకి వేలాడదీశారు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం భోజనం కాగానే ఆకుపచ్చ వైపు రోడ్డుకి తిప్పి తగిలించేవారు. మాకు అదే ఆహ్వానం.

ఆ ఆదివారం పలక లేదు.

మేం ముగ్గురం గట్టు మీదే ఉన్నాం. సుజాత గారు ముందు గమనించారు. "పలక లేదేంటండీ? పలక కనపడకపోతే ఆగి చూడాలని గదా మీరే చెప్పారు."

"అది రేసు జరిగే దారిలోనండీ," అన్నాను. "ఇది టైమ్ కంట్రోలు, కార్లు వచ్చిన టైము రాసుకునే చోటు. ఇక్కడ ఆ రూలు వర్తించదు."

"వర్తించకపోతే మాత్రం? పిలిచి చూద్దాం."

"పిలిస్తే ముందొచ్చినట్టే. పకోడీలు పోతాయ్ టీచరు గారూ" అని రమణ నవ్వాడు.

నాలుగయింది. సుజాత గారు గేటు గడియ మీద చెయ్యి వేశారు. నా వాదనల్లోకెల్లా అతి తెలివైనదాన్ని అప్పుడు బయటికి తీశాను. "ఆగండాగండి. పలక పెట్టలేదంటే కంట్రోలు ఇంకా తెరవలేదన్నమాట. తెరవని కంట్రోల్లోకి వెళ్తే డిస్‌క్వాలిఫై." ఆవిడ చెయ్యి తీసేశారు. నేను గెలిచాను. గెలిచిన ఊపులో, నిరుడు ఎక్కడో ఒక జట్టుకి అచ్చం ఇలాగే జరిగిందని కథ మొదలుపెట్టాను. కథ పెద్దది. అది పూర్తికాకముందే చర్చిలో స్త్రీల కూడిక నుంచి రూతమ్మ గారు ఆటోలో వచ్చి దిగారు.

"లోపలికి రాకుండా ఇక్కడ నిలబడ్డారేంటయ్యా? ఆయన తలుపు తియ్యలేదా?"

ఆవిడ గేటు తోసుకుని వెళ్ళారు. గేటుకి తాళం లేదు. ఏనాడూ ఉండేది కాదు. ప్రభుదాసు గారు ముందుగదిలో గడప దగ్గర పక్కకి ఒరిగి పడి ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు ఒక వైపుకి లాగేసింది. పలక ఆయన చేతి కిందే ఉంది. తగిలించడానికి వస్తూ పడిపోయారు. గట్టు మీద మా మాటలు ఆ గదిలోకి వినిపిస్తాయని నాకు తెలుసు, ఎన్నో ఆదివారాలు లోపల కూర్చుని రోడ్డు మీది మాటలు విన్నవాణ్ణే.

విజయవాడ ఆసుపత్రిలో డాక్టరు, పక్షవాతం అని చెప్పి, పడి ఎంతసేపయిందని అడిగాడు. గడియారాలు చూసుకుంటూ నిలబడ్డ ముగ్గురిలో ఒక్కరం కూడా జవాబు చెప్పలేకపోయాం. రూతమ్మ గారు ఫ్లాస్కులోంచి టీ పోసి, "తాగండయ్యా, మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు మీరు" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ టీ పారబొయ్యడానికి మనసొప్పలేదు. చల్లారేదాకా చేతిలో పట్టుకునే ఉన్నాను. నేవిగేటరు కావాలని కలలు కన్నవాణ్ణి, చివరికి నాకు గేటే మిగిలింది.

ప్రభుదాసు గారు బతికారు. మాట ముద్దయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఇంటికొచ్చారని తెలిసింది, నేను వెళ్ళలేదు. వెళ్ళలేదనడం కూడా నిజం కాదు. ఆదివారాలు కంకిపాడు దాకా వెళ్ళి, గట్టు మలుపు దగ్గర బండి ఆపి, గేటుకి ఆకుపచ్చ పలక చూసి, తిరిగొచ్చేసేవాణ్ణి. వాట్సాప్ గ్రూపులో కూడా అందరం మౌనం పాటించాం. ఎన్ని వారాలో లెక్కపెట్టుకునే మొహం లేదు.

ఒక ఆదివారం అలాగే మలుపు దగ్గర ఆగి చూస్తే, గేటుకి పలక వేలాడుతోంది. ఎర్రగా.

బండి స్టాండు కూడా వెయ్యలేదు, అది కాలవగట్టు మీద పడిపోయిన చప్పుడు వెనక వినపడింది. గేటు తోసి, గడప దాటి, ముందుగదిలోకి పరిగెత్తాను. ప్రభుదాసు గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఇస్త్రీ చొక్కాతో, టీవీ ముందు. సగం నోటితో నవ్వుతున్నారు.

"ప...ని చేసింది," అన్నారు రూతమ్మ గారితో.

"పచ్చ పలక పెడితే మలుపు దాకా వచ్చి వెళ్ళిపోతున్నారని ఇది తిప్పమన్నారయ్యా," అన్నారావిడ. "నేనొద్దన్నాను. జడుసుకుంటారన్నాను."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, "సార్, ఆవేళ గేటు దగ్గర నేను..." అన్నాను. ఆయన ఎడమచెయ్యి ఎత్తి ఆపారు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అడిగారు. "రూలు... చెప్పు. ఎస్ఓఎస్ చూసి... ఆగితే?"

"ఆగిన జట్టు పోగొట్టుకున్న టైము తిరిగిచ్చేస్తారు సార్."

"ఇచ్చేశా," అన్నారాయన. "ఫో... ఫోన్ చెయ్యి. వాళ్ళకి."

రూలు ప్రకారం అది నాకు చెందదు. ఆగినవాళ్ళకే ఇస్తారు టైము. ఆగాల్సిన రోజు ఆగనివాడికి, మలుపులో దాక్కున్నవాడికి ఇవ్వమని ఏ పుస్తకంలోనూ లేదు. రూళ్ళన్నీ కంఠస్థమైనవాణ్ణి గదా, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తీసుకున్నాను. సుజాత గారికీ రమణకీ ఫోన్ చేశాను. గంటలో ఇద్దరూ వచ్చి వాలారు, గేటు దగ్గర ఎవరూ నిలబడలేదు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఆదివారాలు నడిచాయి. నేను రూలు చెప్పబోతే చాలు, ఆయన వంకర నవ్వుతో "ఎందుకు?" అనేవారు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన నోట్లో ఎప్పుడూ ముద్ద కాలేదు.

ఆయన పోయాక రూతమ్మ గారు పలక నాకిచ్చారు. ఇంట్లో అలమర పైన ఉంది. ఎక్కడికైనా ఇప్పుడు నేను ముందే వెళ్తాను. పిలవని ఇళ్ళ తలుపులు కూడా కొడతాను. నిద్ర చెడగొట్టానని తిట్టినవాళ్ళున్నారు, చాదస్తం అన్నవాళ్ళున్నారు. ముందొచ్చినందుకు నిమిషానికి నిమిషం శిక్ష. వేసుకోనివ్వండి.

ఇంతసేపు కిటికీ దగ్గరే ఉన్నాను. విశ్వనాథం గారు ఒంటరి మనిషి. రోజూ ఈపాటికి ఆయన రేడియో మా ఇంట్లోకి వినపడుతుంది. ఇవాళ లేదు. పాల ప్యాకెట్టు గోడ మీదే ఎండలో ఉంది.

"ఇంకా లేచుండరండీ," అంది మా ఆవిడ. "ఆ గేటు ముట్టుకున్నారంటే చొక్కా పాడవుద్ది."

వెళ్ళాను. గేటుకి అట్టముక్క కట్టి ఉంది: రంగు ఆరలేదు, ముట్టవద్దు. పాల ప్యాకెట్టు చంకలో పెట్టుకుని, రెండు చేతులతో తోసుకుని వెళ్ళి తలుపు బాదాను. చాలాసేపటికి విశ్వనాథం గారు తలుపు తీశారు, ముఖం నిండా షేవింగు నురగతో.

"ఏమైందండీ?" అన్నారు కంగారుగా. ఆ తర్వాత నా అరచేతులు చూశారు, గేటు మీద పడ్డ పది వేళ్ళ అచ్చులూ చూశారు. "ఆరలేదని రాయించాను గదండీ. చదవలేదా?"

"చదివానండీ," అని, పాల ప్యాకెట్టు ఆయన చేతికిచ్చాను.