బొండాల చూపుతో క్రికెట్

దేవుడు నాకు కళ్ళిచ్చాడు, చేతులిచ్చాడు. ఆ రెంటి మధ్యా ఉండవలసినదాన్ని మాత్రం తర్వాత ఇద్దాంలే అనుకుని మరిచిపోయాడు. ఆయన మరుపు వల్ల టెక్కలి మైదానంలో మా జలంత్రకోట పరువు ఎలా మట్టిలో కలిసిందో చెబుతాను. ఆడింది పదకొండు మందైనా ఆ పుణ్యమంతా ఒక్కడిదే. ఆ ఒక్కడెవడో మీరు ఈపాటికి పసిగట్టే ఉంటారు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. ఆరో తరగతిలో లెక్కలకీ నాకూ పొసగక, బడికి సెలవిచ్చేసి అప్పన్న మావ వెంట కొబ్బరితోటల పనికి పోయాను. మావ చెట్టెక్కి బొండాలు కోసి వదులుతాడు. లేత బొండం నేలకి తగిలితే పగిలిపోతుంది. అందుకని కింద నేను రెండు చేతులా గోనె చాచి పట్టాలి. ఇందులో ఒక కిటుకుంది. పైకి చూస్తూ నిలబడితే కళ్ళ నిండా పొట్టు పడుతుంది. కాబట్టి గెల ఎక్కడుందో ఒక్కసారి చూసుకుని, సరిగ్గా దాని కింద నిలబడి తల దించేసుకోవాలి. కాయ నిలువునా దిగి, అత్తారింటికొచ్చిన అల్లుడిలా గోనెలో దర్జాగా కూర్చుంటుంది. ఏడేళ్ళలో ఒక్క బొండం పగలనిస్తే ఒట్టు.

అలాంటి నన్ను భాస్కరం చూశాడు. మా ఊరి మేష్టారి అబ్బాయి. టెక్కలిలో చదువుకుంటూ, సెలవులకి వచ్చేటప్పుడు ఒక బ్యాటూ, ఒక కార్కు బంతీ, బోలెడు క్రికెట్ పిచ్చీ పట్టుకొచ్చాడు. బడికెళ్ళే వాళ్ళు తనతో కలిపి పదిమంది తేలారు. పదకొండోవాడు దొరక్క నా దగ్గరికొచ్చి, క్యాచ్ పట్టగలవా అని అడిగాడు. బంతి ఎంతుంటుందని అడిగాను. చూపించాడు. నవ్వొచ్చింది. బొండం ముందు అది రేగుపండు.

మొదటి ఆట నందిగాంలో. వాళ్ళ కుర్రాడు బంతిని ఆకాశంలోకి లేపాడు. భాస్కరం నా పేరు పెట్టి అరిచాడు. నేను తొణకలేదు. ఒక్కసారి పైకి చూశాను, బంతి కనబడిన చోటు కిందికి పరుగెత్తాను, తల దించుకుని చేతులు చాచాను. నా ఏకాగ్రత చూసి మునులు కూడా సిగ్గుపడి ఉంటారు. బంతి నా వెనక ఇరవై అడుగుల అవతల పడింది. అలాంటివి మొత్తం మూడు. మూడోది పడేసరికి మైదానం చుట్టూ ఉన్నవాళ్ళు, నేను నేలమీద పారేసుకున్నదేదో వెతుకుతున్నానని జాలిపడ్డారట.

తిరుగుదారిలో జట్టులో ఎవడో, బడి మానేసినవాణ్ణి ఆటలో పెడితే ఇలాగే ఉంటుందన్నాడు. భాస్కరం వాణ్ణి ఊరుకోబెట్టి నాతో నెమ్మదిగానే చెప్పాడు.

"సూడు సూరీ, నెల్లాళ్ళలో కాశీబుగ్గ వాళ్ళతో టెక్కలిలో ఆట. ఇంకొక్క క్యాచ్ వదిలితే జట్టులో నీ పని బొండాలు కొట్టి ఇవ్వడమే."

క్యాచ్‌లు వదిలింది నేనే, అది ఒప్పుకుంటాను. కానీ బడి మాటే ముల్లులా గుచ్చుకుంది. పట్టాలి. చచ్చినా పట్టాలి. ఆ రాత్రి అన్నం కూడా కోపంగా తిన్నాను, అయితే ఎప్పటికంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు మావకి గోడు చెప్పుకున్నాను. మావ అంతా విని, బీడీ ఆర్పి, అసలు బంతి ఎక్కడ పడుతుందో నేనెలా తెలుసుకుంటున్నానని అడిగాడు. లెక్క వేసుకుంటున్నానన్నాను.

"లెక్కలే వత్తే నువ్వు బడెందుకు మానేత్తావురా? లెక్కలొద్దు. సెట్టు కాయ నిలువునా పడతాది, ఇది ఇసిరిన కాయ. దాని మీంచి కన్ను తియ్యకు. నీ సూపు గబగబా పైకి లెగిసిపోతందంటే అది నిన్ను దాటిపోతాది, ఎనక్కి పో. సూపు కిందికి జారిపోతందంటే ముందుకి ఉరుకు. ఒక్క తీరుగా లెగుత్తందంటే అది నీ కాడికే వత్తాది."

ఆనాటి నుంచీ రోజూ పొద్దున్నే సముద్రపొడ్డున ఇసకలో మావ రాలిన కొబ్బరి పిందెలు విసరడం, నేను ఉరకడం. మొదటి వారం పిందెలన్నీ నా నెత్తినీ ముక్కునీ గురి చూసి తగిలాయి. రెండో వారానికి అరచేతులు వాచి గారెల్లా అయ్యాయి. అయినా మానలేదు. చేతుల నొప్పికి తాళలేక, నడుముకి కట్టుకున్న తువ్వాలు విప్పి అందులో పట్టడం మొదలుపెట్టాను. ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోయాను. నెల తిరిగేసరికి మావ ఎటు విసిరినా నా కళ్ళు కాళ్ళని లాక్కుపోయేవి. పిందెలు తువ్వాల్లో టపటపా పడుతుంటే మావ మురిసిపోయేవాడు.

టెక్కలి ఆట రోజున మావ కూడా వచ్చాడు. కాశీబుగ్గ వాళ్ళకి ఆఖరి వికెట్, గెలుపుకి నాలుగు పరుగులు. వాళ్ళ పొడుగాటి కుర్రాడు బ్యాటు ఊపాడు. బంతి లేచింది. ఆ దిక్కున ఉన్నది నేనొక్కణ్ణే.

"సూరీ, నీదే" అన్నాడు భాస్కరం. ఆ గొంతులో నమ్మకం కంటే దిగులెక్కువ.

తల దించలేదు. కన్ను బంతికి అతికించేశాను. చూపు గబగబా లేస్తోంది, వెనక్కి పరుగెత్తాను. ఇంకా లేస్తోంది, ఇంకా పరుగెత్తాను. దారిలో ఒక మేకని దాటానట, ఒక గోతిని గెంతానట. అవేవీ నాకు తెలియవు. లోకంలో నేనూ ఆ బంతీ తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు చూపు ఒక్క తీరుగా లేస్తోంది. నా దగ్గరికే వస్తోంది. ఆ క్షణంలో కళ్ళు తమ పని తాము చేశాయి, కాళ్ళు తమ పని తాము చేశాయి. చేతులు కూడా, ఎవరినీ అడక్కుండా, నెల్లాళ్ళుగా చేస్తున్న పనే చేశాయి. నడుము తువ్వాలు విప్పి చాచాయి.

బంతి వచ్చి తువ్వాల్లో మెత్తగా కూర్చుంది.

నేను తువ్వాలుతో సహా గాల్లోకి గెంతాను. మైదానంలో ఇంకెవరూ గెంతలేదు. కాశీబుగ్గ వాళ్ళు మాత్రం కాసేపాగి గెంతారు. అంపైరు టెక్కలి డ్రిల్లు మాస్టారు. తాపీగా నడిచొచ్చి, తువ్వాలు అంచు రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"ఏటిది?"

"క్యాచండి."

"చేత్తో పడితే క్యాచ్. కావాలని బట్టతో ఆపితే అవతల జట్టుకి అయిదు పరుగులు."

"కాయ కింద పడలేదు కదండి" అన్నాను. నా నోట కాయ అనే వచ్చింది. ఆయన జేబులోంచి చిన్న ఇంగ్లీషు పుస్తకం తీసి ఆ రూలు చూపించాడు. చదువు మానేసినందుకు మొదటిసారి సంతోషించాను. భాస్కరం చదువుకున్నవాడు కనక చదివి, అక్కడే చతికిలబడ్డాడు. కాశీబుగ్గ వాళ్ళు కావలసిన నాలుగుకి అయిదు తీసుకుని ఇంటికెళ్ళారు.

ఆ సాయంత్రమే ఊరు చేరి, సముద్రం వైపు తిరిగి, మావ సాక్షిగా, చెయ్యెత్తి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఆకాశం నుంచి ఏది పడినా సరే, ఈ జన్మలో గుడ్డ చాచను, గోనె చాచను, వట్టి చేతులతోనే పడతాను.

మావ బీడీ ముట్టించుకుని, నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"మంచిదిరా. రేపు పొద్దున్న పొడుగు సెట్టు బొండాలు దింపాల. ఒట్టు నిలబెట్టుకుంటావో, గోనె తెచ్చుకుంటావో నువ్వే తేల్సుకో."