వేడి వాల్వు మీద గంధం బొట్టు

1969 అక్టోబరు, ఆయుధ పూజ దినం. ఇంట్లో ఉన్నవారు: నాన్న, అమ్మ, నాన్నకు అక్క అయిన మా అత్త, నేను. సాయంత్రం వీధిలో ఎదురింటామె.

ఆనాటి డైరీలో ఇంతే ఉంది. కింద ‘రేడియో చెడింది’ అని ఒక ముక్క రాసి వదిలేసినాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

అత్త చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసిన మనిషి. రాగులు విసిరేటప్పుడు పాడే పాటలు ఆమెకు చాలా వచ్చు. ఆ ఏడు బొమ్మిడి దగ్గర చుట్టాల పెళ్ళికి పోయినప్పుడు, పల్లెపాటలు పట్టుకొనే రేడియోవాళ్ళు అక్కడికి వచ్చి ఆమె పాట ఒకటి టేపు చేసుకొని పోయినారు. ఆయుధ పూజ మరునాడు, విజయదశమి పొద్దున ఏడున్నరకు అది వస్తుందని కబురు వచ్చింది. తన గొంతు బయటివాళ్ళకు ఎట్ల వినబడుతుందో ఒక్కసారి వినాలని ఉందని అత్త అమ్మతో అన్నది. ఆమె తనకు ఫలానాది కావాలని అడగడం మా ఇంట్లో అరుదు.

మాది వాల్వుల రేడియో. వెనక అట్ట తీస్తే నాలుగు గాజు వాల్వులు కనబడతాయి. స్విచ్చి వేసిన కాసేపటికి వాటి లోపల తీగలు ఎర్రగా వెలుగుతాయి, ఆ తరువాతే శబ్దం వస్తుంది.

ఆయుధ పూజకు మా వైపు నాగలి మొదలు కత్తిపీట దాకా, ఇంట్లో పనికొచ్చే ప్రతి వస్తువునూ తుడిచి, బొట్టు పెట్టి పూజలో ఉంచుతారు. మరునాడు మరుపూజ చేసేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. నాన్న ఏ పనీ పైపైన చేసే మనిషి కాదు. పెట్టె మీద ఒక బొట్టు చాలదని, పొద్దున వార్తలు విని ఆపిన వెంటనే అట్ట తీసి, వాల్వు వాల్వుకూ తడి గంధం పెట్టినాడు. పెద్ద వాల్వు దగ్గర టిక్కుమని చిన్న శబ్దం అయింది.

“ఏమిరా అది?”

“వేడి గాజు మీద తడి పెడితే ఏమవుతుంది నాన్నా?”

“గంధమే కదరా! బిందెడు నీళ్ళు పోసినట్టు మాట్లాడతావే.”

పూజలో పెట్టే ముందు ఒకసారి వేసి చూస్తే మూడు వాల్వులు వెలిగినాయి. పెద్దది వెలగలేదు. శబ్దమూ లేదు. నేను దాన్ని ఊడదీసి వాకిట్లో వెలుతురుకు పట్టినాను. మంచి వాల్వుకు నెత్తిన, గాజు లోపలివైపు, అద్దం వెనకాల ఉండే పూత మాదిరి మెరుపు ఉంటుంది. లోపలికి గాలి దూరితే ఆ మెరుపు తెల్లబడిపోతుంది. మా వాల్వు నెత్తి సున్నం కొట్టినట్టుంది. అత్త కొంగుతో తుడవబోయింది.

“విబూది అంటుకున్నట్టుందిరా.”

“అది లోపల ఉంది అత్తా. పోదు.”

గంధం పెట్టిన చోట వెంట్రుకంత బీట కనబడింది. నాన్న దాన్ని చూసినాడు. పనిచేయని వస్తువును పూజలో పెట్టకూడదని రేడియోను పక్కన ఉంచినాడు.

ఆ రకం వాల్వు మా ధర్మపురిలో దొరకదు. తొప్పూరు కనుమ దిగి సేలం పోయినా, ఆ దినం అంగళ్ళు మూసి ఉంటాయి. మా వీధిలో అచ్చం అదే రేడియో ఇంకొకటి ఉండేది, ఎదురింట్లో. చిక్కు అక్కడే వచ్చింది. రెండేళ్ళ కింద కుళాయి దగ్గర పదిమందిలో ఎదురింటామె మా అత్త గురించి, “అక్క పాట ఎత్తుకుంటే మా ఆవు పాలు చేపదు” అన్నది. అప్పటినుంచి ఇద్దరికీ మాటలు లేవు.

“వదినా, రేపు వాళ్ళింటికే పోయి వినొచ్చు కదా” అన్నది అమ్మ.

“నా పాట వినేదానికి ఆమె గడప తొక్కేదా? వినకపోతే పాయె.”

అట్ల అన్నదే గానీ మధ్యాహ్నం అన్నం కెలికి లేచింది. అది చూసి అమ్మే ఎదురింటికి పోయి వాల్వు అడిగి వచ్చింది.

“ఆ అడిగేదేదో మిమ్మల్నే వచ్చి అడగమన్నది వదినా.”

పూజలో పెట్టని పాత చాటతో అత్త చాలాసేపు రాగులు చెరిగింది. సాయంత్రం చాట కింద పెట్టి, వీధి మధ్యకు పోయి నిలబడింది. నేను వెనకాలే పోయినాను. ఎదురింటామె బయటికి వచ్చింది.

“ఏమే, మీ రేడియోలో పెద్ద వాల్వు రేపు పొద్దున కొంచెం సేపు ఇస్తావా?”

“రెండేళ్ళకు నోరు తెరిచినావు, అదీ వాల్వు కోసమేనా అక్కా?”

“ఇస్తావా, ఇయ్యవా?”

“మాది పూజలో ఉంది. మరుపూజ కాకుండా ముట్టేది లేదు. అది అయ్యేసరికి ఎండెక్కుతుంది.”

“ఆవుల కోసం చీకటితో లేస్తావే, అమ్మవారి కోసం లేవలేవా?”

ఆమె నవ్వింది. “లేస్తాలే. లేచి పూజ చేస్తే, మా ఇంట్లోనే విని పోరాదా?”

“వద్దు. వాల్వు ఇయ్యి.”

“మీ రేడియో నా వాల్వును కూడా మింగితే?”

అత్త నా వైపు చూసింది. “మిగతావి వెలుగుతున్నాయి కాబట్టి ఏమీ కాదనుకుంటాను. ఖాయంగా చెప్పలేను” అన్నాను.

“పెద్దామె పనికి వచ్చి ఒక అబద్ధం కూడా ఆడలేవా నాయనా!” అన్నది ఎదురింటామె. తరువాత అత్తతో, “సరే, వాల్వు మీకిస్తే మాది మూగదైపోతుంది. మరి నేనెక్కడ వినేది?”

అత్త వెనక్కి తిరిగి మా గడప వైపు చూసింది. “మా ఇంటికి రా. పిలుస్తున్నాను కదా” అన్నది.

మరునాడు తెల్లవారుతుండగానే ఎదురింట్లో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినబడింది. ఆమె వాల్వును పసుపు గుడ్డలో చుట్టి తానే తెచ్చి ఇచ్చింది. వాల్వు అడుగున ఉండే సూదుల్లాంటి కాళ్ళు సరిచూసి రేడియోలో నొక్కినాను. నాలుగూ వెలిగినాయి. మొదట గుయ్యిమన్నది, తరువాత మాటలు వచ్చినాయి, ఆ తరువాత అత్త పేరు, పాట.

అత్త మొదటి చరణం విని తల ఎత్తింది.

“ఇది నా గొంతు కాదు. ఎవరో ముక్కుతో పాడుతున్నారు.”

“పేరు చెప్పినారు కదా అక్కా” అన్నాడు నాన్న.

“పేరు చెప్తే అయిందా? టేపు మార్చేసినారు.”

“నీదే అక్కా” అన్నది ఎదురింటామె. “నీ గొంతు నీకేం తెలుసు? దినమూ వీధికి ఈ పక్క కూర్చొని పాడేదే గానీ, ఆ పక్క నిలబడి విన్నావా? నేను వింటాను. ఇట్లనే ఉంటుంది.”

“ఇట్లనేనా?”

“అచ్చం ఇట్లనే.”

అత్త రేడియో దగ్గరికి జరిగి కూర్చుంది. “అయితే ఏమంత బాగా లేదు” అన్నది.

“బాగుందని నేనెప్పుడన్నాను? ఊరుకో, ఇంకా ఉంది.”

ఇద్దరూ చివరిదాకా విన్నారు.