పొట్టి తుపాకి, మసీదు మిద్దె

నా చిన్నప్పుడు మా ఇంటి వసారాలో ఒక మూల ఎప్పుడూ ఇసుక కుప్ప ఉండేది. ఇల్లు కట్టడానికి తెచ్చింది కాదు. మా తాత తుపాకులు బాగుచేసేవాడు. ఎవరు తుపాకి తెచ్చినా గడప దాటకముందే దాని మూతిని ఆ ఇసుక వైపు తిప్పాలి. ఎంత పెద్ద రైతైనా, ఎంత తొందరలో ఉన్నా అంతే. "మూతి ఆపక్కకప్పా, ఆపక్కకు" అనే మాట మా ఇంట్లో రోజూ వినపడేది. పిల్లలం ఆటకు కట్టెపుల్లలు పట్టుకున్నా వాటి కొనలు తెలియకుండానే ఇసుక వైపు తిప్పేవాళ్ళం.

మాది కంబదూరు దగ్గర ఒక చిన్న పల్లె. వాన పడితే సెనిక్కాయ, పడకపోతే బీడు. పడిన ఏడాది కూడా కొండల్లోంచి అడవి పందులు దిగి చేలు తవ్విపోసేవి. అందుకని భూములున్న ఇళ్ళలో లైసెన్సు తుపాకులు ఉండేవి. అన్నీ పాతకాలం నాటి రెండు గొట్టాల తుపాకులు. వాటిని మధ్యలో మడిస్తే గొట్టాలు రెండూ తెరుచుకుంటాయి. లోపల తూటా ఉంటే దాని ఇత్తడి అడుగు మెరుస్తుంది. లేకపోతే అవతలి వెలుతురు కనపడుతుంది. ఉన్నదీ లేనిదీ ఒక్క చూపుతో తేలిపోతుంది. విరిగిన కట్టె మార్చడం, తుప్పు వదిలించడం, మీట సరిచేయడం మా తాత పని. దానికి ఆయనకు సర్కారు లైసెన్సు కూడా ఉండేది.

మేము తెలుగు మాట్లాడే ముస్లిములం. ఊళ్ళో మావి కొద్ది ఇళ్ళే. పరుపులు కుట్టేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు. అందరికీ కలిపి ఒక చిన్న మసీదు. దాని రేకులు ఒక వేసవిలో వచ్చిన గాలివానకు ఎగిరిపోయాయి. మళ్ళీ కప్పు వేసుకునే స్తోమత మాకు రాలేదు. శుక్రవారం జుమ్మా నమాజుకు మగవాళ్ళు కాలే బండల మీద తడి గోనెపట్టాలు పరుచుకుని నిలబడేవాళ్ళు. సజ్దాకు వంగినప్పుడు నుదురు చుర్రుమనేదని మా నాయన ఇంటికొచ్చి చెప్పేవాడు. మసీదుకు మిద్దె పడాలని మా ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా ప్రతి నమాజు తర్వాత చేతులెత్తి అడిగేవాళ్ళు. నేనూ అడిగాను.

ఆ రోజుల్లో మా ఊరి పెద్దింటాయన బెంగుళూరు నుంచి కొత్త రకం తుపాకి తెచ్చుకున్నాడు. గొట్టం ఒకటే. ఒకసారి మీట నొక్కితే పేలి, ఖాళీ తూటాను బయటికి విసిరేసి, ఇంకో తూటాను తనంతట తానే లోపలికి ఎక్కించుకుంటుంది. మడిచే పని లేదు. ఊరు ఊరంతా ఆ తుపాకి గురించే చెప్పుకుంది. ఆయన దాన్ని జీపులో పెట్టుకుని మా తాత దగ్గరికి వచ్చి, గొట్టం కోసి సగం చెయ్యమన్నాడు, భుజానికి ఆనించే కట్టెను కూడా తీసెయ్యమన్నాడు. మా తాత కుదరదన్నాడు. పెద్దింటాయన కోపం తెచ్చుకోలేదు. ఎండలో ఉన్న మా మసీదు వైపు ఒకసారి చూసి, నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ వారం జుమ్మా నమాజు కాగానే జమాతంతా, అంటే మసీదుకొచ్చే మగవాళ్ళంతా, మా వసారాకు వచ్చారు. ముందు ముతవల్లి. అంటే మసీదు బాగోగులు చూసే పెద్ద. మా తాతకు వరసకు తమ్ముడు. ఆయన వెనకాల పెద్దింటాయన డ్రైవరు, చేతిలో ఆ తుపాకి. నేను చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇస్తూ అక్కడే నిలబడిపోయాను. పెద్దింటాయన మసీదుకు మిద్దె వేయిస్తానన్నాడని, సిమెంటు, కమ్మీలు, కూలీలు అన్నీ ఆయనవేనని ముతవల్లి చెప్పాడు. చెప్తుంటే ఆయన కళ్ళు తడిశాయి. ఆ తడి నిజమైనదే, ఇప్పటికీ నేను కాదనను.

"నువ్వు ఒక్క కోత కోస్తే చాలన్నా. జీపులో సీటు కింద పెట్టుకునేకి పొడుగైతాండాదంట, అంతే."

"అడవి పందులు జీపు ఎక్కి వస్తాండాయా?" అన్నాడు మా తాత. ఒకరిద్దరు నవ్వారు. "పందిని కొట్టేకి పొడుగు గొట్టమే కావాలప్పా. పంది మనల్ని చూసి యాడ సిగ్గుపడతాదో అని తుపాకి దాచుకోని పోతామా? పొట్టిది కావాల్సింది దుప్పటి కిందికి. దుప్పటి కింద దాచేది మనిషి కోసరం."

"ఏమప్పా సాయిబూ, ఊరికే పెద్ద మాటలు మాట్లాడతాండావు" అన్నాడు డ్రైవరు.

ముతవల్లి గొంతు తగ్గించాడు. "నువ్వు కొయ్యకపోతే ఇంకోడు కోస్తాడన్నా. తుపాకి ఎట్లైనా పొట్టిదైతాది. మిద్దె మాత్రం మనకు రాకుండా పోతాది. జమాతంతా ఒక్క మాట మీద ఉండాది. ఇందులో తప్పు లేదని అందరం అనుకున్న్యాం."

 మా తాత, ముందు దాన్ని ఖాళీ చెయ్యి అని డ్రైవరుకు చెప్పాడు. డ్రైవరు మూతిని ఇసుక వైపు తిప్పి, తుపాకిని కొంచెం వంచి, గొట్టం కిందనుండే తూటాల అరలోంచి ఎర్రటి తూటాలు ఒక్కొక్కటే జార్చి చాప మీద వరసగా పేర్చాడు. ఖాళీ అన్నాడు. మా తాత తుపాకి అందుకున్నాడు. మూతి ఇసుకలోనే ఉంచి, మీట దగ్గరికి వేలు పోనివ్వకుండా పట్టుకుని, ఇది ఖాళీయేనా అని అందరినీ పేరుపేరునా అడిగాడు. తూటాలు కళ్ళముందే చాప మీద ఉన్నాయి. ఖాళీయే అని అందరూ అన్నారు. మా నాయన కూడా అన్నాడు. నేను కూడా లోపల అనుకున్నాను.

అప్పుడు మా తాత ముతవల్లిని చూసి, "అట్లైతే నీ కొడుకును వచ్చి ఈ మూతి ముందర నిలబడమను. నేను మీట నొక్కుతా" అన్నాడు.

ముతవల్లి కొడుకు అక్కడే ఉన్నాడు, పెళ్ళి కుదిరిన పిల్లవాడు. అతను నవ్వుతూ లేవబోయాడు. ముతవల్లి అతని చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఇదేం పరాచికమన్నా" అన్నాడు.

"ఖాళీ అంటివి కదప్పా."

 మా తాత తుపాకి పక్కనున్న చిన్న పిడిని వెనక్కి లాగాడు. టక్కుమని చప్పుడైంది. లోపలినుంచి ఇంకో ఎర్ర తూటా ఎగిరి, ఇసుక అంచుకు తగిలి, దొర్లుకుంటూ వచ్చి ముతవల్లి మోకాలి దగ్గర ఆగింది. డ్రైవరు ముఖం పాలిపోయింది. "అల్లా సాక్షిగా నాకు తెలీదు సాయిబూ" అన్నాడు పాపం, అతను మా మతస్థుడు కాకపోయినా. "మా పాత తుపాకి అయితే మడిస్తానే కనపడతాది. కింద తీసేస్తే అయిపాయ అనుకున్న్యా."

మా తాత మాటలు నాకు ఈ రోజుకీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "అందరం ఒక్క మాట మీద ఖాళీ అంటిమి. అన్నంత మాత్రాన లోపల ఉండేది లేకుండా పోయిందా? ఇప్పుడు జమాతంతా కలిసి ఈ కోత తప్పు కాదంటాండారు. ఆ తప్పు కూడా ఇట్లనే లోపల కూచోని ఉంటాది. చేతిలో పెట్టిన వస్తువు అమానతు, నమ్మి అప్పజెప్పింది. దాన్ని దేనికి మారుస్తాండావో తెలిసి మార్చినోడు రేపు దేవుని ముందర నాకు తెలీదనేకి లేదు. మిద్దె లేకపోతే ఎండలో చేసుకుందాం నమాజు. ఎండ కూడా ఆయనిచ్చిందే."

అందరూ తలలు దించుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకు అర్థమైందని, భయమేసిందని నేను ఎంతో పొంగిపోయాను. మా తాత మాట గెలిచిందని ఆ సాయంత్రం మా అమ్మ కూడా అన్నది. మా తాత మాత్రం అన్నం సరిగా తినలేదు.

కొన్ని రోజులకే ముతవల్లి ఒక బొంతలో పొడుగాటి మూట చుట్టుకుని పొద్దున బస్సెక్కడం మా నాయన చూశాడు. సాయంత్రం అదే బొంత, మూట మాత్రం పొట్టిది. టౌనులో ఏదో లేతు షాపులో పని చేయించుకొచ్చాడని ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. మరుసటి నెలలో మసీదు దగ్గర ఇసుక దిగింది, కమ్మీలు దిగాయి. మిద్దె పడిన రోజు మిఠాయిలు పంచారు. మా ఇంటికీ ఒక పొట్లం వచ్చింది. మా జేజి, అంటే మా నాయనమ్మ, దాన్ని కోళ్ళకు వేసింది.

మా తాత జుమ్మాకు వెళ్ళడం మానలేదు. అయితే మిద్దె కిందికి పోలేదు. వరస ఎక్కడిదాకా వస్తే దాని వెనకాల, మిద్దె నీడ అయిపోయిన చోట, ముందటిలాగే తడి గోనెపట్టా పరుచుకుని ఎండలో నిలబడేవాడు. మొదట్లో పిలిచారు. తర్వాత నవ్వారు. ఆ తర్వాత చూడనట్టు ఉండడం నేర్చుకున్నారు. పెద్దింటాయన మాట దాటలేక రైతులు మా తాత దగ్గరికి తుపాకులు తేవడం మానేశారు. ఆయన గొడుగులు, స్టవ్వులు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

ఎన్నికలు వచ్చాయి. పెద్దింటాయనకు ఎదురు నిలబడిన పార్టీ వాళ్ళ ట్రాక్టరు తోలే మనిషిని సంతకు పోయే దారిలో కాల్చి చంపారు. దుప్పటి కప్పుకున్న ఒకడు అగ్గిపెట్టె ఉందా అని అడుగుతూ దగ్గరికి వచ్చాడట. దుప్పటి తీయకుండానే కాల్చాడట. ఒకదాని వెంట ఒకటి తూటాలు పేలాయట. చనిపోయిన మనిషికి నా ఈడు కూతురు ఉండేది. ఒకటి రెండుసార్లు సంతలో చూశాను, పచ్చ గాజుల పిల్ల.

దుప్పటి కింద పట్టిందంటే అది కోసిన తుపాకే. దాన్ని కోసిందెవరని పోలీసులు వెతుక్కుంటూ నేరుగా మా ఇంటికే వచ్చారు. చుట్టుపక్కల తుపాకి పని తెలిసినవాడు మా తాత ఒక్కడే. తాను కొయ్యలేదని, కొయ్యనన్న సంగతి జమాతంతటికీ తెలుసని ఆయన చెప్పాడు. వాళ్ళు మగవాళ్ళందరినీ మసీదు ముందర నిలబెట్టి అడిగారు. ఆ రోజు మా వసారాలో కూర్చున్న ప్రతి మనిషీ అక్కడ ఉన్నాడు. మా నాయన తప్ప అందరూ "మాకేం తెలీదు సార్" అన్నారు. ముతవల్లి అన్నాడు, ఆయన కొడుకు అన్నాడు, పక్కింటాయన అన్నాడు. మా తాతను జీపెక్కించారు.

మా నాయన పోయి ముతవల్లి కాళ్ళు పట్టుకున్నాడు. "బొంతలో చుట్టుకోని పోయింది నువ్వే కదా చిన్నాయనా, ఒక్క మాట చెప్పు" అని ఏడ్చాడు. నేను నాయన చొక్కా పట్టుకుని పక్కనే ఉన్నాను. ముతవల్లి మా నాయనను లేపి, కన్నీళ్ళు తుడిచి, ఎంతో ప్రేమగా చెప్పాడు. "నేను నోరు తెరిస్తే జమాతంతా మునుగుతాది నాయనా. మీ నాయన ముసలాయన. ఊరికే అడిగి పంపిస్తార్లే. దువా చేస్తాండాం కదా మేమంతా."

మా తాత కొయ్యలేదని పోలీసులకు తెలియక కాదు. కోసింది ఎవరో తేల్చాలని వాళ్ళకు లేదు. పెద్దింటాయన తన తుపాకి బావిలో పడిపోయిందని చెప్పుకున్నాడట. దాంతో కేసు అక్కడితో ముగిసింది. మా తాత తిరిగొచ్చేసరికి ఆయన లైసెన్సు పోయింది. కుడిచేతి వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. ముద్ద కలపలేక చెంచాతో తినేవాడు. ఆయన ఎవరినీ తిట్టలేదు. ఆ శుక్రవారం గోనెపట్టా తడిపి నా చేతికిచ్చి, మసీదు వాకిలి దాకా తెచ్చిపెట్టమన్నాడు. వాళ్ళ వెనకాల ఎందుకు నిలబడాలి తాతా అని కోపంగా అడిగాను. "నేను వాళ్ళ కోసరం పోతాండానా తల్లీ?" అన్నాడు, అంతే.

చాలా ఏళ్ళకు, ఒక మండు వేసవిలో ఆయన పోయాడు. జనాజా మసీదు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ముతవల్లి అప్పటికి బాగా ముసలివాడు. కర్ర ఊతంతో ముందుకొచ్చి, ఎండ ఎక్కువగా ఉంది, అన్నను మిద్దె కిందికి తీసుకురండి, లోపలే నమాజు చదువుదాం అన్నాడు. నలుగురు మోయబోయారు. మా నాయన అడ్డం నిలబడ్డాడు. "మా నాయనను ఈడనే ఉండనీండి. చదివేవాళ్ళు ఎండలోకి వచ్చి చదవండి" అన్నాడు. పక్కింటి మేడ మీదినుంచి నేను చూశాను. ఒక్కొక్కరే చెప్పులు విడిచి ఎండలోకి వచ్చారు. కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డారు.

నేను ఇప్పుడు మా పేటలో ఆడపిల్లలకు అరబ్బీ అక్షరాలు, నమాజు నేర్పుతాను. ఉపవాసాలు వదల్లేదు, అయిదు పూటలూ వదల్లేదు. ముతవల్లి కూడా పోయాడు. ఆయన్ని క్షమించమని అడగడం నా ధర్మం కాబట్టి అడుగుతాను. ఆ మాట నా నాలుక మీదినుంచి కిందికి దిగదు. దిగనిమ్మని కూడా అడుగుతుంటాను.

మా ఆడవాళ్ళ ఇజ్తెమాలో, అంటే అందరం కలిసి కూర్చునే ప్రార్థన సభలో, దువా అయ్యాక అందరూ ఒక్క గొంతుతో ఆమీన్ అంటారు. ఆ సమయంలో నా నోరు ఒక క్షణం ఆగుతుంది. ఏం అడిగారో మనసులో మళ్ళీ చెప్పుకుని, అప్పుడు అంటాను. పిల్లలు దాన్ని నా ముసలితనం అనుకుంటారు. దేవుడి మీద నాకు ఏనాడూ అనుమానం రాలేదు. నా పక్కన నిలబడ్డవాళ్ళ మీదే.