బండలకు గొంగళ్లు కప్పాను

చేవెళ్లలో పెళ్లి స్టేజీలు కట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. స్టేజీని చూస్తూ నిలబడిపోయి పెళ్లికొడుకు ముహూర్తం దాటబెట్టుకున్నది మాత్రం నేను కట్టినచోటనే. నమ్మనివాళ్లు ఆ పెళ్లి చేయించిన పంతులు గారిని అడగవచ్చు; ఆయనకు నా మీద ఇప్పటికీ కోపమే. అంతటివాడినైన నాకు ఒకసారి ఒక పాటను కాపాడే పని పడింది.

మొయినాబాద్ దగ్గర ఒక పటేలు కొత్తగా ఫంక్షన్ హాలు కట్టాడు. పైన రేకులు. నేలకు, గోడలకు, స్తంభాలకు అద్దంలా పాలిష్ పట్టిన షాబాద్ బండలు. అందులో ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ చప్పుడు షాబాద్ దాకా వెళ్లి, బండల పుట్టింటివాళ్లను పేరుపేరునా పలకరించి, భోజనం చేసి తిరిగొచ్చేది. పటేలుకు అదే గర్వం. రాజకీయాల్లో తిరిగే మనిషి కదా, మైకులో ఆయన ఒక మాటంటే హాలంతా దాన్ని పదిసార్లు బలపరిచేది.

హాలు ప్రారంభం రోజున ఆయన కూతురి పాటకచేరి. నగరానికి వెళ్లి సంగీతం నేర్చుకున్న ఆ పిల్ల సొంత ఊరివాళ్ల ముందు పాడటం అదే మొదలు. స్టేజీ పని నాది. ముందురోజు పాడి చూసుకుంటుంటే, ఆమె చరణంలోకి వచ్చేసరికి పల్లవి ఇంకా గోడల మీదే తిరుగుతోంది. రెండూ హాలు నడుమ గుద్దుకున్నాయి. పిల్ల మైకు కింద పెట్టేసింది.

"కాకా, నా పాట నాకే సమజైతలేదు. ఊరోళ్లకు ఏం సమజైతది? గీ పాట ఇనాలెనని మా నానమ్మ ఎన్నేండ్ల సంది అడుగుతున్నదో!"

ఆమె కళ్లలో నీళ్లు చూశాక నా పూలతోరణాలన్నీ నాకే వెలిసిపోయినట్టు కనిపించాయి. పరదాలు దట్టంగా కట్టిన మండపంలో మంత్రం స్పష్టంగా వినబడుతుంది, బోడిగోడల మధ్య గోలగోలగా ఉంటుంది. నా వృత్తి నేర్పిన చదువది. నున్నటిది శబ్దాన్ని తిప్పికొడుతుంది, గరుకుది తాగేస్తుంది.

పటేలుకు చెప్పాను: "గోడల పొడుగూత జొన్నసొప్ప కట్టలు నిలవెడ్త. స్తంభాలకు నల్ల గొంగళ్లు సుడ్త, రేకుల కింద వానమబ్బుల లెక్క కడ్త. జనం చేన్ల కూసొని పాట ఇంటరు."

"పాలిష్ కొట్టిపిచ్చిన బండల మీద గొంగళ్లు కప్పుతవా? ఇది ఫంక్షన్ హాలా, బర్ల కొట్టమా?"

"పటేలా, జర ఆఖరి కుర్చీల కూసో. బిడ్డ పాడుతది. ఏం పాడిందో చెప్పు. చెప్పినవంటే ఒక్క కట్ట గూడ లోపటికి తేను."

కూర్చున్నాడు. పిల్ల పాడింది. పటేలు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు, ముందుకు వంగాడు, ఆ చెవి కాదని ఈ చెవి తిప్పాడు. పిల్ల ఆపేసింది, హాలు ఇంకా పాడుతూనే ఉంది.

"మస్తు పాడింది," అన్నాడు.

"ఏం పాడింది?"

ఆయన లేచి పక్కనున్న బండను అరచేత్తో నిమిరాడు. "ఎన్ని బండ్ల సొప్ప గావాలె?"

ఆ దెబ్బతో చుట్టుపక్కల బర్రెలన్నీ ఉపవాసం ఉన్నాయంటారు, నేను కాదనను. గొంగళ్లు గొల్లవాళ్ల ఇళ్ల నుంచి కిరాయికి తెచ్చి, స్తంభాలకు చుట్టించి, రేకులకు జానెడు ఎడంగా కట్టించాను. కట్ట నిలబెట్టినప్పుడల్లా చప్పట్లు కొట్టి చూశాను. పని పూర్తయ్యేసరికి ఒక్కసారి కొడితే ఒకే చప్పుడు. షాబాద్ ప్రయాణం రద్దు! బీడీలవాళ్లను మాత్రం గేటు దగ్గరే ఆపించాను.

కచేరి వేళకు హాలంతా ఎండుచొప్ప వాసన. పిల్ల పాట అందుకుంది. చిట్టచివరి వరుసలో కూర్చున్న నానమ్మ పక్కామెను మోచేత్తో పొడిచింది.

"ఏందే, మైకు వెట్టలేరా? నా పక్కన కూసొని పాడుతున్నట్టే ఉన్నది!"

పాట అయ్యాక ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, అదే పల్లవిని ఒక్క పదం పొల్లుపోకుండా తనలో తాను అనుకోవడం విన్నాను. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, వెనకున్న రెండు చొప్పకట్టలు దారి ఇచ్చి పడిపోయాయి.

చివర్లో పటేలు మైకు పట్టుకున్నాడు. "అందరికి దండాలు!" అని, అలవాటుకొద్దీ హాలు బలపరుస్తుందని ఆగాడు. హాలు ఉలకలేదు. మైకును వేలితో కొట్టి చూసి, గొంతు పెంచి మళ్లీ "అందరికి దండాలు!" అన్నాడు.

వెనక నుంచి ఆయన తల్లి కేకేసింది: "ఒక్కపారి అంటె సాలు బిడ్డా, ఇనవడుతున్నది!"