ముళ్లకాయ గులాబీకి చేసిన ముస్తాబు

పదవీ విరమణ చేసేవారికి శాలువా కప్పే పద్ధతి ఎవరు కనిపెట్టారో గానీ, వారు మే నెలలో చిత్తూరు చూసి ఉండరు. నాకు ఒకదాని మీద ఒకటి కప్పారు. కృతజ్ఞతతో ఉడికిపోయాను.

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నన్ను పలమనేరు వైపు ఉద్యాన అధికారిగా వేశారు. రైతులకు మొక్కలు పెంచి ఇచ్చే నర్సరీ కూడా నా చేతి కిందే. అక్కడ కంచె వెంబడి ఒక అడవి గులాబీ వరుస ఉండేది. నాకు ముందున్నాయన ఏదో కొండ ప్రాంతం నుంచి తెచ్చి నాటాడట. పువ్వు మామూలే, కాయే వింత. ఒళ్లంతా ముళ్లతో ఉమ్మెత్తకాయకు తమ్ముడిలా ఉంటుంది. అందుకే ఎవరూ నోట పెట్టలేదు. నిజానికి పండితే పుల్లగా, కాస్త వగరుగా ఉంటుంది. సి విటమిన్‌లో ఉసిరికి తీసిపోదు. గోనెసంచిలో ఇసుకతో పాటు వేసి రుద్దితే ముళ్లు రాలిపోతాయి. గింజలు తీసి ఊరగాయ పెట్టుకోవచ్చు.

పక్క ఊరి పొదుపు సంఘం నాయకురాలు రత్నమ్మ ఆ ఊరగాయ పెట్టి చూపించింది. నేను పైకి రాశాను. రాష్ట్ర కార్యాలయం నుంచి ఒక మేడమ్ వచ్చి కాయనూ తయారీనీ చూస్తారని, నచ్చితే ఊరగాయ అమ్ముకోవడానికి తిరుపతిలో సంఘానికి స్టాల్ ఇస్తామని జవాబు వచ్చింది. ఆ ఆడవాళ్లకు అప్పటిదాకా కూలిపని తప్ప వేరే దారి లేదు.

తనిఖీ అంటే మా దగ్గర ఒక ఆచారం ఉంది. చెట్ల మొదళ్లకు సున్నం, దాని పైన జేగురు పట్టీ, కనిపించిన కొమ్మకల్లా కత్తెర. మేడమ్ వచ్చే ముందు రోజు నన్ను మామిడి రైతుల సమావేశానికి చిత్తూరు పంపి, మా పై అధికారి తానే నర్సరీకి వెళ్లాడు. తోట గులాబీని మోకాలెత్తుకు కత్తిరిస్తే కొత్త చిగురుకు పువ్వు వస్తుంది. ఈ అడవి జాతి పాత కొమ్మకే కాస్తుంది. ఆయనకు గులాబీ అంటే గులాబీ. కాయలు రంగు తిరుగుతున్న వరుసనంతా మోకాలెత్తుకు కోయించాడు. కాయలతో సహా కొమ్మల్ని కాల్పించాడు కూడా; శుభ్రత విషయంలో ఆయన రాజీపడడు.

సాయంత్రం ఆ మోడులు చూసి ఫోన్ చేశాను. ఆమె కాయ చూడటానికే వస్తున్నారు సార్ అన్నాను.

"గులాబీకి కాయేందప్పా? పువ్వులు నేను తెప్పిస్తా లే. అంతా నీట్ చేయించినా, థాంక్స్ చెప్పు."

చెప్పలేదు. నా సర్వీసులో నేను చేసిన తిరుగుబాటు అదొక్కటే.

మరునాడు ఆయన మేడమ్‌కు గులాబీల బొకే ఇచ్చాడు. కాయలేవీ అని ఆమె అడిగితే, ఈ ఏడు దిగుబడి కొంచెం తగ్గిందన్నాడు. కాయే లేనిదానికి స్టాల్ ఎలా ఇస్తాం అంటూ ఆమె దాన్ని వేరే ఊరి సంఘానికి ఖాయం చేసి వెళ్లిపోయారు.

మొక్కకు తెగులు వస్తే మందుంది, తనిఖీ వస్తే లేదు. నేను నేర్చుకున్నది ఇంతే. ఆ తర్వాత పైవాళ్లు వస్తున్నారంటే కత్తెరలన్నీ బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి.

మేడమ్ వచ్చి వెళ్లిన ఆ రోజు జీపెక్కబోతూ పై అధికారి రత్నమ్మను ఓదార్చాడు. "బాధపడొద్దమ్మా, మళ్లా కాస్తాయి లే."

"కాస్తాయి సార్," అంది రత్నమ్మ. "మీరు ఈడికి రాకుండా ఉంటే కాస్తాయి."