చిల్లుల కుండలో దీపం

నిన్న పొద్దున మా మనవడు కరెంటు బిల్లు పట్టుకుని నా గదిలోకి వచ్చి, నేను పేపరు చదువుకుంటున్నానని కూడా చూడకుండా టపీమని లైటు ఆర్పేసి, "ఏమవ్వా, పగలంతా లైటేసుకోని కూసుంటాండావు, బిల్లు జూడు ఎంతొచ్చిందో" అని వెళ్లిపోయాడు. ఎదురుగా స్నానాల గదిలో గీజరు మాత్రం, ఇంట్లో అందరి స్నానాలూ అయిపోయి గంటైనా, ఎర్రచుక్క పెట్టుకుని కాగుతూనే ఉంది. ఒళ్లు మండిపోయింది నాకు. డెబ్బై ఏళ్ల కిందట మా మామ కూడా ధర్మవరంలో అచ్చం ఇదే మాట అన్నాడు.

నేను పెనుకొండ పిల్లను. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలినై వచ్చాను. మా అత్తవారింటి వంటిల్లు ఎలాంటిదంటే, కిటికీ అన్నదే లేదు, మిట్టమధ్యాహ్నం కూడా చెయ్యి చాపితే చెయ్యి కనబడేది కాదు, పొగతోనూ కిరసనాయిలు బుడ్డితోనూ కాపురం, ఆ కిరసనాయిలు కూడా రేషను కార్డు మీద కొలిచి ఇచ్చే రోజులని మన వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మా వీధికి కరెంటు వచ్చినప్పుడు మామ రెండు మగ్గాల మీద రెండు బల్బులు వేయించి సరిపెట్టేశాడు. నేను మామతో నేరుగా మాట్లాడే ఆచారం లేదు కనక, అత్తను పట్టుకుని నెల రోజులు ప్రాణం తీస్తే, చివరికి వంటింట్లో ఒక చిన్న బల్బు వెలిగింది. ఆ రోజు కందిపప్పులో పుల్లా రాయీ కంటికి కనబడుతుంటే, నాకు పండగ చేసుకున్నట్టే అనిపించింది.

ఆ ఏడు మబ్బు పట్టిందంటే విడవలేదు. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో చెమ్మ చేరి, పడుగు, అంటే నిలువు పోగులు, ఒకదానికొకటి అంటుకుని, నేత సాగేది కాదు. అంతకుముందు పడుగు కింద నిప్పుల కుంపటి పెట్టేవాళ్లు, కానీ ఒకసారి నిప్పురవ్వ ఎగిరి పెళ్లిచీర పడుగుకు బొక్క పడ్డప్పటి నుంచి మామకు కుంపటంటే హడలు. అందుకని పెద్ద బల్బు ఒకటి తెచ్చి, వైరు గుంతలోకి లాగి, వెలుతురు తగిలి పట్టు రంగు వెలిసిపోతుందేమోనని దాని మీద చిల్లుల కుండ బోర్లించాడు. పొగ లేదు, బూడిద లేదు, వెచ్చగా ఉంది. వీధిలో వాళ్లంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. తెల్లవారి మొదలుపెడితే పొద్దు గూకేదాకా అది మండుతూనే ఉండేది. దాన్ని మా ఇంట్లో ఎవరూ దీపం అనలేదు, కుంపటి అనే అన్నారు.

నెల తిరిగి బిల్లు వచ్చింది. మామ మొహం మాడిపోయింది. ఇంట్లో అన్ని దీపాలనూ తలుచుకుని, పగటిపూట వెలిగేది నా వంటింటి దీపమొక్కటేనని తేల్చి, నాకు వినబడేటట్టు అత్తతో, "పట్టపగలు దీపమేసుకోని వంట జేస్తాదంట, ఇదేమన్నా జమీందారు కొంపనా?" అని, నిచ్చెన వేసి బల్బు ఊడదీసి, తాను తప్ప ఎవరూ తెరవని జరీ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ చిన్న బల్బు ఎంత తిని ఉంటుంది? ఎవరిని అడగను? మూడో రోజు ఆ చీకట్లో సంగటికి ఎసరు దించబోయి, పొయ్యి గట్టు అంచు తెలియక కుడికాలి మీద ఒంపుకున్నాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చూసినప్పుడల్లా ఇప్పటికీ కోపమొస్తుంది.

కాలు నేల మోపలేక, వంట అత్తకు అప్పజెప్పి, నడవలో కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలకు పట్టుదారం చుట్టేదాన్ని. నా ఎదురు గోడకే మీటరు. దాంట్లో వెండిబిళ్లలా ఒక చక్రం, దాని అంచున నల్లమచ్చ. పొద్దుపోక ఆ మచ్చనే చూస్తూ ఉంటే ఒక సంగతి కనబడింది. పగలు ఇంట్లో ఒక్క దీపం లేనప్పుడు కూడా అది గిరగిరా తిరుగుతోంది. సాయంత్రం కుంపటి తీసేసి మగ్గాల మీద రెండు దీపాలూ వేశాక నెమ్మదిగా కదులుతోంది. ఒక కండె నిండేలోపు ఎన్ని చుట్లో లెక్క పెట్టాను, మరునాడు మళ్లీ పెట్టాను. ఇంకేం అనుమానం లేదు, అంతా ఆ కుండ కిందే పోతోంది.

మా ఆయనతో చెబితే, నాయన ముందర నేను నోరెత్తలేనన్నాడు. అత్తతో చెప్పించాను. ఆడదానికి చక్రం సంగతేం తెలుసని మామ కొట్టిపారేశాడు. ఆ తర్వాతి నెల మీటరు చూసే మనిషి వచ్చి, బిల్లేమీ తగ్గలేదంటే, మామ ఆయన మీదికి లేచాడు, మీ చక్రం దొంగచక్రమన్నాడు. పాపం ఆ మనిషి శాంతంగా, దీపాలన్నీ ఆర్పేసి చూపించమన్నాడు. దీపాలు ఆరే ఉన్నాయి. చక్రం తిరుగుతూనే ఉంది. "జూస్తివా అప్పా, దీపమే లేదు, వెలుగే లేదు, ఇంక బిల్లు యాడ్నుంచి వస్తాది?" అని మామ వీధంతా వినబడేట్టు అరుస్తున్నాడు. నాకింక తట్టుకోవడం చేతకాలేదు. తలుపు చాటునుంచే గట్టిగా, "అత్తా, ఆ కుంపటి స్విచ్చి ఆర్పమను" అన్నాను. మామ వినేటంత గొంతుతో ఆ ఇంట్లో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

అత్తే వెళ్లి ఆర్పింది. చక్రం ఇంకో అరచుట్టు తిరిగి ఆగిపోయింది. మామ దగ్గి, మగ్గం మీదికి వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి చిల్లుల కుండ కిందికి బల్బు పోయి మళ్లీ నిప్పులే వచ్చాయి. వారం తిరగకుండా మామ వీధిలో ప్రతి అరుగు మీదా కూర్చుని, "కరెంటుకు వెలుగుతో పని లేదప్పా, వేడి పుట్టిస్తే తింటాది" అని తానే కనిపెట్టినట్టు చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, నాకేం. నా బల్బు నాకిస్తే చాలనుకున్నాను. ఇవ్వలేదు. ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కదా! అడగమని అత్తను బతిమాలితే, ఊరుకోమ్మా, ఆయనకు తల కొట్టేసినట్టవుతుందని నా నోరే మూయించింది.

పదమూడేళ్ల తర్వాత మామ పోయాక జరీ పెట్టె తెరిచారు. అడుగున నా బల్బు పట్టుగుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. వంటింట్లో తగిలిస్తే, చూడండి, ఠక్కున వెలిగింది. అత్త మామను తలుచుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. అందరూ మామ కోసమే అనుకున్నారు. ఆ పదమూడేళ్లూ నేను పొగలో తడుముకుంటూ వండి పెట్టిన కూడే వాళ్లంతా తిన్నారు.

ఇప్పుడు నేను తలుపు చాటున నిలబడనక్కర్లేదు, నడిమింట్లో కూర్చుని ఎవరినైనా ఎంత మాటైనా అనగలను. నిన్న అన్నాను కూడా, నాయనా, ఆ గీజరు ఆర్పి చూడు అని. సరేలేవ్వా అని నవ్వి, చెవుల్లో వైర్లు పెట్టుకున్నాడు. వాడు ఆఫీసుకు వెళ్లాక గోడ పట్టుకుని మీటరు దాకా నడిచాను, అప్పటిలా లెక్కపెట్టి సాయంత్రం వాడి ముందు పెడదామని. ఈ కొత్త మీటర్లకు చక్రమే లేదు. ఏవో అంకెలు మారుతున్నాయి, అవి నా కళ్లకు ఆనలేదు.

తిరిగొచ్చి గీజరు నేనే ఆర్పేశాను. నా గదిలో లైటు వేసుకుని కూర్చున్నాను.